గాదెలో దాగిన పిల్ల

మా అమ్మమ్మ పుట్టి పెరిగింది జగ్గయ్యపేటలో. ఆవిడ చిన్నతనంలో టీకాలవాడు వీధిలోకి వచ్చాడంటే చాలు, వాళ్లమ్మ ఆవిణ్ణి ఖాళీ గాదెలో దించి పైన చాప కప్పేసేదిట. ఆ కథ విని మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఈమధ్య టీకాల చరిత్ర చదివాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

మశూచికి టీకా జెన్నర్ కనిపెట్టింది 1796లో. మన దేశంలో అది మొదట ఫలించింది 1802 జూన్ 14న, బొంబాయిలో ఆన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకి. ఆ పాప చేతిమీది పొక్కులోంచి రసం తీసి మరికొందరు పిల్లలకి వేశారు. వాళ్ల చేతులనుంచి ఇంకొందరికి! మందు సీసాల్లో వచ్చే రోజులు కావు మరి. టీకా వేయించిన తల్లి వారం తిరిగేసరికి బిడ్డను మళ్లీ తీసుకురావాలి, పొక్కు చిదిపి రసం తీసుకోవడానికి. జ్వరంతో మూలిగే పసివాణ్ణి ఏ తల్లి తెస్తుంది చెప్పండి? తరువాత దూడలనుంచి మందు తీయడం వచ్చినా, ఆ భయం తల్లినుంచి కూతురికి కాసులపేరులా సంక్రమించిందేమో!

అయినా అమ్మమ్మ చేతిమీద రెండు గుండ్రటి మచ్చలుండేవి. "ఎవరు వేయించారు?" అంటే, "మా అమ్మేనే. పక్కింటి పిల్లాడికి అమ్మవారు పోసి కళ్లు పోయాయి. మర్నాడే నన్ను ఎత్తుకుని తనే వెళ్లింది" అనేది.

1975తో మన దేశంలో మశూచి ఆగింది. 1980లో ప్రపంచంలోనే లేదన్నారు. గాదెలూ పోయాయి. తల్లుల భయం మాత్రం పోలేదు.

మొన్న నందిగామలో మిరపకోతలకు వెళ్లే ఒక అమ్మాయి అంది: "మొదటి సూదికే రెండు రాత్రులు జ్వరమండీ. రెండ్రోజుల కూలి పోయింది. రెండోదానికి పోలేదు."

ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం వేసే ఆ సూది కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం వంటివి రాకుండా కాపాడుతుంది. దానికి ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలే. ఆలస్యమైందని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటునుంచే వేస్తారు. ఇదంతా చెప్పాను.

ఆ అమ్మాయి చంటివాణ్ణి భుజం మార్చుకుని, "ఈ ముక్క ఆరోజే ఎవరైనా చెప్పుంటే పోయుండేదాన్ని కదండీ!" అంది.

నాకు నవ్వు రాలేదు.