రీలు మారే సందు

మంట కాస్త ఎగదొయ్యరా అబ్బాయ్. ఏమే అమ్మాయ్, నీ పిల్లలు పాత సినిమా పెడితే పది నిమిషాలకే లేచిపోతున్నారా? పోరూ మరి! మూడు గంటల బొమ్మ ముందు నోరెత్తకుండా కూచోమంటే నేనూ కూచునేదాన్ని కాదు.

మేం అట్లా చూళ్ళేదే. ఊరి చివర డేరా హాలు వేసేవాళ్ళు. మైకులో ఘంటసాల భక్తి పాట మొదలైందంటే టికెట్లు ఇస్తున్నారని లెక్క. అన్నం కంచాలు వదిలేసి పరుగే పరుగు. ఇసక పోగు చేసుకుని ఎత్తుగా కూచుంటే వెనకవాళ్ళ తిట్లు. మిషను ఒక్కటే. రీలు అయిపోతే లైట్లేసి ఇంకోటి ఎక్కించేవాళ్ళు. ఆ సందులో మా నాయనమ్మ ఎవరికి ఎవరేమవుతారో, ఎవరి మీద ఎవరికి కచ్చో విప్పి చెప్పేది. ముందు వరసవాళ్ళు కూడా ఇటు తిరిగి వినేవాళ్ళు.

మొన్న నీ పిల్లలకి మాయాబజార్ అట్లాగే చూపించా. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైంది వాళ్ళకి కనిపిస్తుంది కదా. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తే, 'వీడియో కాల్!' అని అరిచారు. కృష్ణుడికి శకుని కనిపించాడు. అక్కడ ఆపేశా. 'కృష్ణుడికి శకుని అంటే ఇష్టమేంటి?' అని చిన్నాడు పట్టుకున్నాడు. ఇక భారతమంతా చెప్పాల్సొచ్చింది, పకోడీలు చల్లారిపోయాయి.

రెండో రోజు ఎస్వీ రంగారావు ఘటోత్కచుడుగా నడిచే నడక ముందు చూపించా. తరవాత ఆ ఘటోత్కచుడే శశిరేఖ రూపంలోకి దూరిన ఘట్టం. సావిత్రి పట్టుచీర కట్టుకుని మగరాయుడిలా ఆ అడుగులే వేస్తుంటే పెద్దది పడీ పడీ నవ్వింది. మొదటిది చూడకపోతే ఆ నవ్వు రాదు. నటన గొప్పదని మనం వెయ్యి చెప్పినా దండగ.

1957లో కె.వి.రెడ్డి తీశాడు, కంప్యూటర్లు లేవు అంటే వాళ్ళకి పట్టలేదు. అందులో వెన్నెల చంద్రుడిది కాదర్రా, మార్కస్ బార్ట్లే అనే కెమెరామన్‌ది అన్నాక మాత్రం వెనక్కి తిప్పి మళ్ళీ చూశారు. 2010లో రంగులేసింది కూడా వచ్చింది. నాకు నలుపూ తెలుపే ముద్దు. అయినా కొత్తగా చూసేవాళ్ళకి రంగుది పెడితే కొంపలేం మునగవులే.

అసలు కిటుకు వేరే ఉంది. ఇందులో పాండవులు ఎక్కడొస్తారో కనిపెడితే పది రూపాయలిస్తానన్నా. ఆఖరి దాకా కళ్ళార్పలేదు. ఐదుగురిలో ఒక్కడూ తెర మీదకి రాడని నాకు తెలుసుగా!

ఈసారి పాతాళభైరవి పెట్టు. నేపాళ మాంత్రికుడూ ఆ ఘటోత్కచుడూ ఒకరేనని మాత్రం చెప్పకు. వాళ్ళనే పట్టుకోనీ.