జెకిల్ - హైడ్: ఒకే ఇంటికి రెండు తలుపులు

రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ రాసిన డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్‌ల కథ 1886 జనవరిలో లండన్‌లో వెలువడింది. కాగితపు అట్ట ప్రతి వెల ఒక షిల్లింగు. ఆరు నెలల్లో బ్రిటన్‌లో దాదాపు 40 వేల ప్రతులు అమ్ముడుపోయాయి. పుస్తకం చదవనివారు కూడా నేడు ఈ రెండు పేర్లనూ సామెతలా వాడుతున్నారు. అయితే జనంలో నిలిచిన కథా, స్టీవెన్సన్ రాసిన కథా ఒకటేనా? కాదని నా అభిప్రాయం. ఆ తేడాలో మరుగున పడినది ఒక సాంఘిక సత్యం.

జనం అనుకుంటున్నట్లు మూలంలోని జెకిల్ ధర్మమూర్తి కాడు. చాటుమాటు సుఖాలు మరిగి, పరువు కోసం వాటిని దాచుకున్న సంపన్న వైద్యుడు. మందు అతనిలో చెడును పుట్టించలేదు. ఉన్న చెడుకు మారువేషం ఇచ్చింది. ఆ మందు దైవికమూ కాదు, పైశాచికమూ కాదని అతనే ఒప్పుకుంటాడు. అతని ఇంటి ముందు తలుపు పెద్దమనుషుల వాడలోకి తెరుచుకుంటుంది. పెచ్చులూడిన వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుంది. హైడ్ ఒక చిన్నపిల్లను తొక్కుకుంటూ పోయినప్పుడు జనం నిలదీసి 100 పౌన్లు పరిహారం అడుగుతారు. అతడు పది పౌన్లు బంగారు నాణేలుగా ఇచ్చి, మిగతాదానికి చెక్కు ఇస్తాడు. చెక్కు మీది సంతకం జెకిల్‌ది! నేరం ఒక పేర, బ్యాంకు ఖాతా మరో పేర. విక్టోరియా యుగపు బూర్జువా మర్యాదను బట్టబయలు చేయడానికి ఈ ఒక్క సన్నివేశం చాలు.

1887 మేలో బోస్టన్‌లో థామస్ రసెల్ సలివన్ నాటకం రంగమెక్కింది. రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ రెండు పాత్రలూ తానే ధరించి, ప్రేక్షకుల కళ్ళెదుటే రూపం మార్చాడు. నవలలో లేని ప్రేయసిని సలివన్ జెకిల్‌కు తెచ్చిపెట్టాడు. దానితో కపటి కాస్తా కరుణార్హుడైన ప్రేమికుడయ్యాడు. 1888 ఆగస్టులో నాటకం లండన్ చేరింది. ఆ నెలాఖరున వైట్‌చాపెల్ పేదవాడలో స్త్రీల హత్యలు మొదలుకాగా, ఈ నటుడినే అనుమానిస్తూ పోలీసులకు ఒక ఉత్తరం వెళ్ళింది. కళ్ళెదుటి వేషం జనం ఊహను అంతగా పట్టేసింది.

సినిమా ఈ నాటకం బాటనే పట్టింది. రూబెన్ మమూలియన్ 1931లో తీసిన చిత్రంలో ఫ్రెడ్రిక్ మార్చ్ హైడ్‌గా వానరముఖంతో కనిపిస్తాడు. ఆ నటనకు ఆస్కార్ వచ్చింది. నవలలోనూ కోతి పోలికలు లేకపోలేదు. కాని అక్కడ హైడ్ ముఖంలో ఫలానా వికారం ఉందని ఎవరూ చెప్పలేరు. వికారం ముఖానికెక్కగానే చెడు అనేది పెద్దమనిషిని వదిలి, ఆదిమానవుడి మీదికి తోసివేయబడింది. ఇది కేవలం మేకప్ సమస్య కాదు, దృక్పథ సమస్య.

జనరంజక కళ ప్రతిసారీ మూలాన్ని పలచన చేసిందనడం అన్యాయం. 1962లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన హల్క్‌కు ప్రేరణల్లో ఈ కథ ఒకటి. అక్కడ మనిషిని మార్చేది రహస్య వాంఛ కాదు, సైన్యం కోసం తయారైన బాంబు. 1963లో జెర్రీ లూయిస్ తన హాస్యచిత్రంలో కథను తలకిందులు చేశాడు. అందవిహీనుడైన ప్రొఫెసరు మంచివాడు. మందు తాగి వచ్చే అందగాడే అహంకారి. చెడుకు మంచి కోటు తొడిగిన ఆ చిత్రం స్టీవెన్సన్‌కు కొంత దగ్గరైంది.

ద్వంద్వ పాత్రను సృష్టించే మన రచయితలు రూపాంతరాన్ని వర్ణించి తృప్తిపడకూడదు. ఆ చెక్కు మీద ఎవరి సంతకం ఉందో కూడా పాఠకుడికి చూపాలి.