బందీకి బదులు బందీ: ఒక పాత వివాదం, మన బాధ్యత

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే చెందుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక.

ధార్మిక సోదరులారా! మనవాడొకడు శత్రువు చేతికి చిక్కినపుడు, అతణ్ణి విడిపించుకొనడానికి మన చెరలో ఉన్న శత్రువును వదలిపెట్టవచ్చునా? ఒక ప్రాణాన్ని కాపాడబోయి రేపు పది ప్రాణాలకు ముప్పు తెచ్చినవారమవుతామా? ఈ ప్రశ్న రాజ్యాలకు మాత్రమే సంబంధించినది కాదు. చెరసాలలో మగ్గుతున్న మనిషి విలువ ఎంత అన్నదే దీని సారాంశం. అందుచేత ఈ జుమాలో దీనిని గురించి ఆలోచిద్దాము.

మన తెలుగు నేల ఈ ప్రశ్నను స్వయంగా ఎదుర్కొన్నది. 1987 డిసెంబరు 27న తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు వద్ద పీపుల్స్‌వార్ నక్సలైట్లు పలువురు ఐ.ఏ.ఎస్. అధికారులను అపహరించారు. గిరిజనాభివృద్ధి పనుల నిమిత్తం వెళ్ళినవారు వారు. అందులో ఎస్.ఆర్. శంకరన్ గారు కూడా ఉన్నారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు పాటుపడి, బ్రహ్మచారిగా జీవించి, తన సంపాదనను పేద పిల్లల చదువులకు వెచ్చించిన అధికారి ఆయన. పేదల కోసమే పోరాడుతున్నామన్నవారు పేదల పక్షాన నిలిచిన మనిషినే బందీని చేశారు. జైళ్ళలో ఉన్న తమ సహచరులను విడుదల చేయాలన్నది వారి షరతు. నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కొందరు ఖైదీలను విడుదల చేసింది. అధికారులు క్షేమంగా తిరిగివచ్చారు.

వివాదం అక్కడితో ఆగలేదు. ప్రభుత్వం ప్రాణాలను కాపాడిందని కొందరు హర్షించారు. బెదిరింపుకు లొంగితే అపహరణ ఒక వ్యాపారమవుతుందని మరికొందరు హెచ్చరించారు. ఆ హెచ్చరిక వట్టిది కాలేదు. తరువాతి సంవత్సరాలలో రాష్ట్రం ఇటువంటి అపహరణలను మళ్ళీ చూచింది. 2011 ఫిబ్రవరి 16న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కలెక్టరుగా పనిచేస్తున్న తెలుగు యువకుడు ఆర్. వినీల్ కృష్ణ గారిని మావోయిస్టులు పట్టుకొన్నపుడు కూడా ఖైదీల విడుదలే ప్రధాన డిమాండ్లలో ఒకటి. ప్రొఫెసర్ హరగోపాల్ గారు మొదలైనవారు మధ్యవర్తులుగా నిలిచారు. కలెక్టరును విడువండని ఆ ప్రాంతపు గిరిజనులే గొంతెత్తారు. ఫిబ్రవరి 24న ఆయన విడుదలయ్యారు.

నాణేనికి రెండవ వైపును 1999 డిసెంబరులో దేశమంతా చూచింది. ఖాట్మండు నుండి ఢిల్లీకి వస్తున్న విమానాన్ని దుండగులు దారి మళ్ళించి కాందహార్‌కు తీసుకొనిపోయారు. ఒక నిరపరాధిని చంపారు. ప్రయాణికుల ప్రాణాలకు బదులుగా మన ప్రభుత్వం ముగ్గురు ఖైదీలను విడిచిపెట్టింది. వారిలో ఒకడైన మసూద్ అజ్హర్ మరుసటి సంవత్సరమే జైషె ముహమ్మద్ అనే హింసా సంస్థను స్థాపించాడు. ప్రయాణికుల కుటుంబాల కన్నీరు నిజము. ఆ తరువాత నెత్తురోడిన కుటుంబాల కన్నీరూ నిజమే. ఏ కన్నీటిని తక్కువ చేసి మాట్లాడినా అది న్యాయము కాదు.

ఇప్పుడు సీరత్ వైపు చూపు త్రిప్పుదాము. హిజ్రీ 2వ సంవత్సరంలో నఖ్లా వద్ద ఖురైషు బిడారుపై జరిగిన దాడిలో ఇద్దరు బందీలుగా చిక్కారు. వారికి పరిహారం చెల్లించి విడిపించుకొంటామని ఖురైషులు కబురు పంపారు. అప్పటికి సహచరులు సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి), ఉత్బా బిన్ గజ్వాన్ (రజి) తప్పిపోయిన తమ ఒంటెను వెదకుతూ వెళ్ళి తిరిగి రాలేదు. ఆ ఇద్దరూ క్షేమంగా చేరేవరకు దైవప్రవక్త (సఅసం) పరిహారాన్ని స్వీకరించలేదు. సొమ్ము కంటె మనిషి మిన్న అని ఆయన ఆచరణ చాటింది. వారు చేరిన తరువాత ఖైదీలకు విముక్తి లభించింది. ఆ ఖైదీలలో హకమ్ బిన్ కైసాన్ ఇస్లాం స్వీకరించి మదీనాలోనే ఉండిపోయి, తరువాత బిఅరె మఊనా వద్ద అమరుడయ్యాడు. రెండవవాడు మక్కాకు పోయి అవిశ్వాసిగానే మరణించాడు. సంఘటన ఒక్కటే, ఫలితాలు రెండు. విడుదలైన ఖైదీ రేపు ఏమవుతాడో మనిషికి తెలియదు, అల్లాహ్‌కే తెలుసు.

బద్ర్ తరువాత జరిగిన మరొక సంఘటన గుర్తేడుకు మరింత చేరువైనది. అబూ సుఫ్యాన్ కుమారుడు అమ్ర్ ముస్లిముల వద్ద ఖైదీగా ఉన్నాడు. అతడికి పరిహారం చెల్లించడానికి తండ్రి నిరాకరించాడు. ఇంతలో సాద్ బిన్ నుఅమాన్ అనే వృద్ధుడైన అన్సారీ ఉమ్రా కోసం మక్కాకు వెళ్ళాడు. యాత్రికుల జోలికి ఖురైషులు పోరన్నది నాటి ఆచారం. అబూ సుఫ్యాన్ ఆ కట్టుబాటును కాలరాచి ఆ వృద్ధుణ్ణి నిర్బంధించాడు. తన కుమారునికి బదులుగానే విడుస్తానన్నాడు. సాద్ తెగవారు వచ్చి విన్నవించగా దైవప్రవక్త (సఅసం) అమ్ర్‌ను వారికి అప్పగించారు. వృద్ధుడు ఇల్లు చేరాడు. నిరాయుధుణ్ణి పట్టి బేరమాడడం ఆనాడు ఎవరి పద్ధతి, పట్టువిడుపు చూపి ప్రాణాన్ని కాపాడడం ఎవరి పద్ధతి అన్నది గమనించవలసిన విషయము.

అట్లని జాగ్రత్తను విడిచిపెట్టమని సీరత్ బోధించలేదు. బద్ర్ ఖైదీలలో అబూ అజ్జా అనే కవి ఉండేవాడు. బీదవాడిని, ఆడపిల్లలు గలవాడిని అని వేడుకొంటే దైవప్రవక్త (సఅసం) పరిహారం లేకుండానే వదిలివేశారు. ముస్లిములకు వ్యతిరేకంగా ఎవరికీ తోడ్పడనని మాట ఇచ్చి వెళ్ళిన అతడు ఆ మాట తప్పాడు. ఉహద్ సమయంలో మళ్ళీ పట్టుబడి మళ్ళీ వేడుకొన్నాడు. ఈసారి క్షమాపణ లభించలేదు. మొదటి దయ పొరపాటు కాదు. రెండవసారి మోసపోకపోవడం వివేకము.

మన ఫిఖహ్ పండితులు ఈ రెండు పార్శ్వాలనూ తూచారు. హనఫీ గ్రంథాలలో ప్రసిద్ధమైన కథనం ప్రకారం ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఖైదీల మార్పిడిని సమ్మతించలేదు. తిరిగి వెళ్ళినవాడు మళ్ళీ ఆయుధం పడతాడని, ఆ కీడు సమాజమంతటిపై పడుతుందని ఆయన వాదన. ఆయన శిష్యులే అయిన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మలై) గురువుగారితో విభేదించి, మార్పిడి సమ్మతమే అన్నారు. శత్రువు చేతిలో ఉన్న విశ్వాసిని విడిపించడం ఖైదీని అట్టిపెట్టుకొనడం కంటె శ్రేష్ఠమని వారి వాదన. ఇమామ్ మాలిక్, షాఫయీ, అహ్మద్ (రహ్మలై) కూడా అనుమతించినవారే. బనూ ఉఖైల్ తెగకు చెందిన ఒక ఖైదీని ఇచ్చి, సఖీఫ్ తెగవారు పట్టుకొన్న ఇద్దరు సహచరులను దైవప్రవక్త (సఅసం) విడిపించారన్న సహీహ్ ముస్లిం హదీసు వారికి ఆధారము. యుద్ధం ముగిసిన పిదప ఖైదీలను దయతోనో పరిహారంతోనో విడిచే మార్గాన్ని దివ్య ఖుర్ఆన్ సూరయె ముహమ్మద్‌లో చూపింది. గురువును గౌరవిస్తూనే శిష్యులు భిన్నాభిప్రాయం చెప్పారు. ఎవరూ ఎవరినీ ద్రోహి అనలేదు. ఈ మర్యాద నేడు మన చర్చలలో కరవైనది.

ఈ చరిత్ర నుండి మనము గ్రహించవలసినవి మూడు. ఒకటి: డిమాండు ఎంత న్యాయమైనదైనా, నిరాయుధుణ్ణి బందీని చేయడం దౌర్జన్యమే. దానికి ధర్మం ముసుగు తొడిగినవాడు ధర్మానికే అపకారం చేసినవాడు. రెండు: విడుదల చేయాలా వద్దా అన్నది బాధ్యత గల అధికారం సంప్రదింపులతో తీసుకొనవలసిన నిర్ణయము, జనం ఆవేశంతో తేల్చేది కాదు. మూడు: తిరిగివచ్చిన బందీని అతని విడుదలకు చెల్లిన మూల్యాన్ని ఎత్తిచూపి నిందించరాదు. శంకరన్ గారు ఆ చెర నుండి పగతో తిరిగి రాలేదు. 1997లో పౌర స్పందన వేదికకు సారథ్యం వహించి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు సాగాలని సంవత్సరాల తరబడి శ్రమించారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, అవి నిలువలేదు. అయినా తనను బంధించినవారితో సహా అందరి ప్రాణాలూ విలువైనవేనన్న ఆయన నమ్మకం సడలలేదు.

సోదరులారా! రాజ్యాల మార్పిడులు మన చేతిలో లేవు. కాని బందీని విడిపించండి అన్న దైవప్రవక్త (సఅసం) ఆదేశం మనందరికీ వర్తిస్తుంది. పహాడీ షరీఫ్ చుట్టుప్రక్కల బస్తీలలోనూ, శంషాబాదు గ్రామాలలోనూ, నేరం ఇంకా రుజువు కాకుండానే, జామీను ఇచ్చేవారు లేక చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళలో ఉన్నవారి ఇండ్లు ఉండవచ్చు. ముస్లిమైనా కాకున్నా ఆ తల్లి దుఃఖం ఒక్కటే. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పేదలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో చిక్కిన విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే బెయిలుకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకూ, ఒకటికి మించిన కేసులున్నవారికీ ఇది వర్తించదు. ఈ సంగతి తెలియని కుటుంబానికి తెలియజేయడము, ఒక కాగితం వ్రాసిపెట్టడము, కోర్టు వరకు తోడు వెళ్ళడము కూడా బందీ విముక్తిలో భాగమే. ఈ వారం మన మొహల్లాలో అటువంటి ఇల్లు ఒక్కటైనా వెదకి తలుపు తట్టుదాము.

యా అల్లాహ్! అన్యాయంగా బంధింపబడిన ప్రతి ఒక్కరికీ విముక్తి ప్రసాదించు. మా పాలకులకు వివేకాన్ని, మా హృదయాలకు దయను, న్యాయాన్ని అనుగ్రహించు. ఆమీన్.