మంచుయుగంలో సముద్రం తీరు మారితే ఏమైంది?

సుమారు 11,700 ఏళ్ల క్రితం ముగిసిన చివరి మంచుయుగంలో గ్రీన్‌లాండ్ దాదాపు 25 సార్లు హఠాత్తుగా వేడెక్కింది. కొన్ని దశాబ్దాల్లోనే 8 నుంచి 16 డిగ్రీలు పెరిగి, తర్వాత మెల్లగా మళ్లీ చలి కమ్మేది. శాస్త్రవేత్తలు విల్లీ డాన్స్‌గార్డ్ (డెన్మార్క్), హాన్స్ ఓష్గర్ (స్విట్జర్లాండ్) పేర్లతో వీటిని పిలుస్తారు.

ఇందులో అట్లాంటిక్ సముద్రానిది పెద్ద పాత్ర. ఉత్తరాన ఉప్పునీరు చల్లబడి, బరువెక్కి అడుగుకు దిగుతుంటే, దాని చోటుకి దక్షిణం నుంచి వెచ్చని నీరు వస్తుంది. మంచుకొండలు కరిగి మంచినీరు కలిస్తే ఉప్పు పలచబడి ఆ ప్రవాహం నెమ్మదిస్తుంది, చలి పెరుగుతుంది. ప్రవాహం పుంజుకుంటే మళ్లీ వేడి.

ఈ మార్పు మన వానల దాకా వచ్చింది. పాకిస్తాన్ తీరం దగ్గర అరేబియా సముద్రం అడుగున తీసిన మట్టి పొరలే సాక్ష్యం: గ్రీన్‌లాండ్ చల్లబడిన కాలాల్లో నైరుతి రుతుపవనాలు బలహీనపడ్డాయి.