జైలరే పాదిరి అయిన ఊరు

బాపట్ల దాటి చీరాల వైపు వెళ్లే ప్యాసింజరు బండి నడుమ ఓ చిన్న స్టేషన్లో ఆగుతుంది. బోర్డు మీద స్టువర్టుపురం అని ఉంటుంది. ఒక తరం తెలుగువాళ్లకు ఆ పేరు కనబడగానే సంచీ ఒళ్లోకి లాక్కోవడం అలవాటు. 1991లో చిరంజీవి ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో రవితేజ ‘టైగర్ నాగేశ్వరరావు’ ఆ అలవాటును పోనివ్వలేదు. తెర మీద ఈ ఊళ్లో ఉండేది దొంగలూ పోలీసులే. ఊరు పుట్టిననాడు మాత్రం మూడో పక్షం ఒకటుంది. యూనిఫారం తొడుక్కుని, జెండా పట్టుకుని, బ్యాండు వాయించుకుంటూ వచ్చిన సైన్యం అది. దాని ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో హాజరు పట్టీ.

ముందు పేరు సంగతి. క్రైస్తవ సంస్థ కట్టిన ఊరు కాబట్టి స్టువర్టు ఏ పాదిరో అయి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. కాదు, సర్ హెరాల్డ్ స్టువర్ట్ ఐసీఎస్ అధికారి. 1902-03 నాటి పోలీసు కమిషన్‌కు కార్యదర్శి. ఆ కమిషన్ పుణ్యమా అని 1904లో పుట్టిన కేంద్ర క్రిమినల్ ఇంటెలిజెన్స్ శాఖకు తొలి డైరెక్టరు. ఆ తర్వాత మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. 1913లో రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ, బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాల కోసం సెటిల్మెంటు తెరిచినప్పుడు దానికి ఆయన పేరు పెట్టారు. నేరస్థుల ఆత్మలు రక్షించడానికి కట్టిన ఊరికి నిఘా శాఖ పెద్ద పేరు! ఎవరూ వెటకారానికి పెట్టలేదు, గౌరవంగానే పెట్టారు.

ఎరుకలవాళ్లు అప్పటికి తెలుగు ఊళ్లకు కొత్తవాళ్లేం కారు. ఆకాశరాజు కూతురు పద్మావతి బెంగ ఏమిటో తేల్చి చెప్పడానికి సాక్షాత్తూ శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టిన కథ తెలియని తెలుగిల్లు ఉండదు. సోది చెప్పడం ఆడవాళ్ల విద్య. బుట్టలు, తట్టలు, చాపలు అల్లడం ఇంటిల్లిపాది పని. పందుల పెంపకం ఉండేది. వీటన్నిటికంటే కడుపు నింపింది గాడిదల మీద వర్తకం. తీరంలో ఉప్పు ఎత్తుకుని ఎగువ ఊళ్లకు పోయేవాళ్లు, దాన్ని ధాన్యానికి మార్చుకుని దిగేవాళ్లు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. వాళ్లలోని శాఖల పేర్లు వింటుంటే సంత దినాన అంగళ్ల వరస మధ్య నడిచినట్టుంటుంది.

ఆ వర్తకాన్ని పంతొమ్మిదో శతాబ్దం రెండు పక్కల నుంచీ నరికింది. ఉప్పు సర్కారు సొత్తయిపోయింది. దాని మీద పన్ను కూర్చుంది. రైలూ గట్టి రోడ్లూ వచ్చాక గాడిద మోసే సరుకును బండి మోసుకుపోయింది. 1876-78 నాటి ధాత కరువు మిగిలింది ఊడ్చేసింది. ఈ జనం చరిత్ర తవ్వి తీసిన మీనా రాధాకృష్ణ తన పుస్తకంలో ఈ క్రమాన్నే చూపించారు. సరుకుతో తిరిగినంత కాలం వర్తకులు, సరుకు పోయి తిరుగుడు మిగిలాక పోలీసు కంటికి అనుమానితులు. వాళ్లలో దొంగలే లేరని అనడం కాదిది. కన్నాలు వేసినవాళ్లు ఉన్నారు, పశువుల్ని తోలుకుపోయినవాళ్లు ఉన్నారు. ఏ కులంలో లేరు గనక? తేడా అల్లా, మిగతా కులాల్లో దొంగతనం చేసినవాడు దొంగ. ఇక్కడ పుట్టినవాడు దొంగ.

పుట్టుకతో దొంగ అన్న మాట రచ్చబండ మాటగా ఆగిపోతే ఓ లెక్క. దాన్ని చట్టం చేశారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడని 1871లో వాదించి నేర జాతుల చట్టం తెచ్చారు. మొదట ఉత్తరాదికి పరిమితమైన ఆ చట్టం 1911లో తిరగరాశాక మద్రాసు రాజధానికీ పాకింది. ఒక తెగ పేరు గెజిట్లో ప్రకటిస్తే చాలు, అది తప్పో ఒప్పో ఏ కోర్టూ విచారించకూడదు. మనుషుల పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు పడతాయి. ఎక్కడుంటున్నారో, ఎక్కడికి పోతున్నారో చెప్పుకోవాలి. ఆరేళ్లు దాటి పద్ధెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడిలో పెట్టే అధికారం కూడా సర్కారుకు దఖలు పడింది. ఫలానా మనిషి ఫలానా నేరం చేశాడన్న రుజువు ఇందులో ఏ ఒక్కదానికీ అక్కర్లేదు. తెగల్ని మొత్తంగా తీసుకొచ్చి ఒకచోట కూర్చోబెట్టడానికి సెటిల్మెంట్లు పెట్టవచ్చునని కూడా చట్టం చెప్పింది. వాటిని నడిపేదెవరు? పోలీసులకు తీరిక లేదు, ఖజానాకు మనసు లేదు. అప్పుడు ముందుకొచ్చింది రక్షణ సైన్యం.

ఈ సైన్యం లండన్ పేటల్లో పుట్టింది. విలియం బూత్ 1865లో అక్కడి పేదల మధ్య ప్రచారం మొదలుపెట్టి, 1878లో దానికి సాల్వేషన్ ఆర్మీ అని పేరు పెట్టాడు. పాదిరీల బదులు కెప్టెన్లు, మేజర్లు. గుడి గంట బదులు వీధిలో బ్యాండు. 1883లో మెల్‌బోర్న్‌లో వీళ్లు చేసిన పని ఒకటి ఇప్పటికీ చెప్పుకోదగ్గది. జైలు గేటు బయట నిలబడి, విడుదలైనవాణ్ణి పలకరించి తీసుకెళ్లి, అన్నం పెట్టి, పడక చూపి, పని వెతికిపెట్టడం. వచ్చినవాడు శిక్ష అనుభవించి వచ్చినవాడు. వద్దనుకుంటే దండం పెట్టి తన దారిన తాను పోవచ్చు. ఆ పోగలగడమే ఆ పిలుపుకు విలువ ఇచ్చింది.

ఇండియాకు ఈ సైన్యాన్ని తెచ్చిన ఫ్రెడరిక్ టక్కర్ ఇంకా వింత మనిషి. 1853లో బీహారులోని ముంగేర్‌లో పుట్టాడు, ఐసీఎస్ ఉద్యోగం వదులుకున్నాడు, 1882లో మరి ముగ్గురితో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకుని, వట్టికాళ్లతో తిరిగాడు. వీధుల్లో ఊరేగింపులు తీసినందుకు బొంబాయి పోలీసులు అతన్నీ అతని మనుషుల్నీ అరెస్టు చేశారు. తర్వాత బూత్ కూతురు ఎమ్మాను పెళ్లాడి బూత్-టక్కర్ అయ్యాడు. పాతికేళ్లు తిరిగేసరికి ఆ సర్కారుతోనే చేతులు కలిపి 1908లో గోరఖ్‌పూర్‌లో డోము తెగవాళ్లకు సెటిల్మెంటు తెరిచాడు. తన పద్ధతికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు కూడా కనిపెట్టాడు. నేరానికి వైద్యం చేసే శాస్త్రమన్నమాట. రోగుల పేరు ‘క్రిమ్’లు. ఆ మాటలో కొంత ముద్దు ఉంది, చాలా తేలిక ఉంది. అన్నిటికీ మించి, ఈ ఆసుపత్రికి రోగిని తోలుకొచ్చేది పోలీసు.

ఆ వైద్యం తెలుగునాట స్టువర్టుపురం దాకా వచ్చింది. కృష్ణ ఒడ్డున సీతానగరంలో మరో సెటిల్మెంటు, అక్కడ రాళ్లు కొట్టే పని. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ది ఇంకొకటి. స్టువర్టుపురంలో పొలం ఇచ్చారు, బడి పెట్టారు, ప్రార్థన మందిరం కట్టారు. గాడిద వెనక నడిచిన కాళ్లను నాగలి వెనక నడవమన్నారు. సోది మానమన్నారు, సారా మానమన్నారు. ఊరి బయటికి అడుగు పెట్టాలంటే పాసు రాయించుకోవాలి. హాజరు వేళకు మనిషి కళ్లపడాలి. పాసు మీద సంతకం పెట్టే చెయ్యే ఆదివారం బైబిలు తెరిచేది.

రక్షణ సైన్యం ఆరాధన మిగతా చర్చీల తీరున ఉండదు. బాప్తిస్మం లేదు, ప్రభువు బల్ల సంస్కారం లేదు. మందిరంలో ముందు భాగాన ఓ బల్ల ఉంటుంది. పాటల మధ్య మనసు కరిగినవాడు లేచి వెళ్లి దాని ముందు మోకరిస్తాడు. పక్కన మరొకరు మోకరించి ప్రార్థన చేస్తారు. లేచాక నలుగురి ముందూ తన పాత బతుకు చెప్పుకుంటాడు. తెలుగు క్రైస్తవులు దీన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. ఎరుకలవాడికి సాక్ష్యం అన్న మాట అప్పటిదాకా కోర్టులో తెలుసు. అక్కడ ఇంకెవడో వచ్చి అతని మీద చెప్పేది సాక్ష్యం. ఇక్కడ తన మీద తానే చెప్పుకోవాలి, చెప్పాక శిక్ష లేదు, క్షమ ఉంది. జీవితంలో మొదటిసారి తన కథ తన నోటితో, ఎవరూ అడ్డు తగలకుండా చెప్పే వీలు దొరికితే మనిషి కదలడా? బాగానే కదిలి ఉంటాడు.

చిక్కల్లా వేరేచోట ఉంది. మారుమనస్సు పొందడానికి ముందు తప్పు చేసి ఉండాలి, ఆ తప్పు తనదై ఉండాలి. సువార్త మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది, చట్టం కులం పేరు పెట్టి పిలిచింది. ఏడేళ్ల పిల్లవాడు దేనికని పశ్చాత్తాపపడాలి? పెద్దవాడు నిజంగానే మారాడనుకుందాం. బల్ల ముందు మోకరించి లేచినవాడి పాపం దేవుడి పుస్తకంలో కొట్టేసి ఉండవచ్చు. రిజిస్టర్లో అతని పేరు అలాగే ఉంది.

బైబిల్లో జైలు కథ ఒకటుంది. అపొస్తలుల కార్యములలో పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో ఉంటారు. అర్ధరాత్రి పాటలు పాడుతుంటే భూమి కంపించి తలుపులు తెరుచుకుంటాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూసి చావబోతాడు. పౌలు ఆపుతాడు. ఆ రాత్రి మారినవాడు జైలరు! ఖైదీల గాయాలు కడిగి, ఇంటికి పిలిచి అన్నం పెడతాడు. రక్షణ సైన్యం అధికారులు ఈ కథ ఎన్నిసార్లు చదివి ఉంటారో. స్టువర్టుపురంలో తాళంచెవి పట్టుకున్నది తామేనన్న సంగతి ఆ పేజీ దగ్గర ఎవరికైనా తట్టిందా?

పొలం అందరికీ చాలలేదు. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, జనం నోట ఐఎల్‌టీడీ, పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కావాలి. సెటిల్మెంటులో చేతులున్నాయి. పొగాకు మనిషికి మంచిది కాదని బోధించే సైన్యం తన మనుషుల్ని పొగాకు కంపెనీకి పంపింది. కూలీలు పారిపోరు, పారిపోతే చట్టమే వెనక్కి తెస్తుంది. ఏ యజమానికి చేదు? ఆ చీరాలే 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని ఊరు ఖాళీ చేసింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక జనం ఇళ్లకు తాళాలేసి, పొలిమేర దాటి రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి కూర్చున్నారు. చీరాల-పేరాల ఉద్యమం అని పాఠాల్లో చదువుకుంటాం. కూతవేటు దూరంలో పాసు లేకుండా పొలిమేర దాటలేని మనుషులున్న సంగతి ఆ పాఠంలో ఉండదు.

1924లో చట్టాన్ని మళ్లీ బిగించారు. 1947లో మద్రాసు రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అంతకు ముందు నేర జాతులు, ఆ తర్వాత విముక్త జాతులు. పేరు మారినంత వేగంగా స్టేషన్ల అలవాటు మారలేదు. నేర జాతుల చట్టం పోయిన చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి కూర్చున్నాయి. జిల్లాలో ఎక్కడ కన్నం పడ్డా జీపు ముందు ఈ ఊరికే. పోలీసు రికార్డుల పొట్టిరాతలోంచి ఊళ్లోకి దిగిన కేడీ అన్న మాట తిట్టుగా స్థిరపడింది. ఈ మధ్యలో నిజంగానే పేరుమోసిన దొంగలూ పుట్టుకొచ్చారు. టైగర్ నాగేశ్వరరావు పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. అతని కథ మీద సినిమా వచ్చింది. బాపట్ల మీదుగా బడికెళ్లి ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లల మీద రాలేదు.

1970ల నడుమ, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, ఊళ్లోకి మరో జంట వచ్చింది. లవణం, హేమలత. లవణం నాస్తికుడు గోరా కొడుకు, వినోబా భూదాన యాత్రలో తెలుగు అనువాదకుడిగా నడిచిన మనిషి. హేమలత ‘క్రీస్తు చరిత్ర’ రాసి సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న గుర్రం జాషువా కూతురు. దేవుడు లేడనేవాళ్లు వచ్చి, రక్షణ సైన్యం అరవై ఏళ్ల కిందట మొదలుపెట్టిన పనినే మళ్లీ ఎత్తుకున్నారు. ఇళ్లకు వెళ్లడం, కూర్చోవడం, మాట్లాడటం, పోలీసులతో వాదించడం, పనులూ రుణాలూ ఇప్పించడం. ‘సంస్కార్’ సంస్థ పెట్టారు. వాళ్ల దగ్గర పాసు పుస్తకం లేదు. వద్దు పొమ్మంటే పోవలసింది వాళ్లే. లవణం పుట్టింది 1930లో, ఉప్పు సత్యాగ్రహం ఏట, అందుకే గోరా కొడుక్కి ఆ పేరు పెట్టాడు. ఉప్పు పోగొట్టుకున్నవాళ్ల ఇంటికి ఉప్పు పేరుతో ఒకడు రావడం కథకుడు కల్పిస్తే మరీ అతికించినట్టుందని ఎడిటరు కొట్టేసేవాడు.

రక్షణ సైన్యం చేసిన పనిని మొత్తంగా కొట్టిపారేయడం తేలిక. కొందరు చరిత్రకారులు ఆ పని చేశారు కూడా. బడి దగ్గర మాత్రం ఆగాలి. ఊళ్లో అక్షరం వచ్చింది ఆ బడి నుంచే. ఇక విశ్వాసం సంగతి. హాజరు పట్టీ చూస్తుండగా చేసిన ప్రార్థన నిజమో నటనో ఎవరు చెప్పగలరు? పాసు కోసం మోకరించినవాళ్లు ఉండే ఉంటారు. గేటు తెరిచాక చూడాలి.

గేటు తెరిచి డెబ్బై ఏళ్లు దాటింది. సెటిల్మెంటు లేదు, మేనేజరు లేడు. మందిరం ఉంది. ఆదివారం వెళ్లేవాళ్లు వెళతారు, వెళ్లనివాళ్లు ఇంట్లో ఉంటారు. ఎవరూ పేర్లు పిలవరు.