నిమిషమునకు 90 అడుగుల గాలి

ఒక్క నలుసు పడినను చెడిపోవు సూక్ష్మయంత్ర భాగములను కూర్చు పని రెండవ ప్రపంచ యుద్ధము తరువాత విరివియయ్యెను. అట్టి గదులలో నేల కడిగిరి, గోడలు తుడిచిరి, పనివారికి ప్రత్యేకపు దుస్తులు తొడిగిరి. ధూళి మాత్రము వీడలేదు. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున శాండియా ప్రయోగశాలలో పనిచేయుచుండిన భౌతికశాస్త్రజ్ఞుడు విల్లిస్ విట్‌ఫీల్డ్ 1960వ దశకారంభమున దీనికి ఉపాయము కనిపెట్టెను. మనిషి మెదలినంత కాలము ధూళి రాలుచునే యుండును. కనుక రాలిన దానిని రాలినట్లే గాలిచేత ఊడ్పించవలెను. కళ్లములో తూర్పారబట్టునపుడు పొట్టును గాలి ఎత్తుకొని పోవుట మనము చూచినదే గదా! ఆయన గదిలో వడగట్టిన గాలి సుడులు తిరుగక, ఒకే దిశగా పనిబల్ల మీదుగా సాగి, నేలలోని జాలీగుండ వెడలిపోయెడిది. నిమిషమునకు ఇంచుమించు పదిమారులు గదిలోని గాలి మారెడిది.

1963లో అమెరికా ప్రభుత్వము ఇట్టి గదులకు ప్రమాణము ప్రకటించెను. ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు పెద్దవియగు కణములు నూరుకు మించరాదని అందొక తరగతి. గాలివేగము నిమిషమునకు 90 అడుగులు, ఇరుప్రక్కల 20 అడుగుల సడలింపు. మొదటిది గమ్యము, రెండవది దారి. కాలక్రమమున దారియే గమ్యమైనదని మా అభిప్రాయము. ఆ ప్రమాణము 2001లో రద్దయినను, ఐరోపావారు 2022లో సవరించిన ఔషధ నిబంధనలలో వేగము సెకనుకు 0.36 నుండి 0.54 మీటర్లు. లెక్కకట్టి చూడుడు, నడిమి అంకె ఇంచుమించు ఆ 90 అడుగులే! శాస్త్రీయముగా సమర్థించినచో వేరు వేగమును వాడవచ్చునని మాత్రము అందు సెలవిచ్చిరి.

ఆ సెలవు విలువ సామాన్యమైనది కాదు. పంఖాకు కావలసిన విద్యుచ్ఛక్తి స్థూలముగా వేగపు ఘనమును అనుసరించును. వేగమును ఐదవవంతు తగ్గించినచో ఖర్చు ఇంచుమించు సగమగును. వడపోతల నిరోధము వలన ఆచరణలో లాభము కొంత తగ్గును. రాత్రివేళ మనుషులు లేని గదిలో ధూళి పుట్టుటయు స్వల్పమే. అయినను పంఖాలను పూర్తిగా ఆపరాదు: గదిలోని పీడనము వెలుపలి దానికంటె హెచ్చుగా నుండనిచో బయటి ధూళి లోనికి చొరబడును. నెమ్మదిగా త్రిప్పుచు, పనికి ముందు వేగము పెంచి, కణములు లెక్కించి తలుపు తీయుట మేలు. 2019లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ఇట్టి పొదుపు మార్గములనే వివరించుచున్నది.

హైదరాబాదు పరిసరములలో టీకాలు, సూదిమందులు చేయు కర్మాగారములకు ఇది దూరపు మాట కాదు. సూదిమందు సీసా నోరు తెరచియుండు చోట మాత్రము మేము తొందరపడుమని చెప్పము. అచ్చట తగ్గించిన వేగమున పొగ వదలి, అది సీసాల మీదుగా తిన్నగా పోవుచున్నదా, వెనుకకు మళ్లుచున్నదా అని కన్నులార చూడవలెను. మళ్లినచో పాత వేగమే ఉండనిండు.