బతికి వచ్చిన రాకుమారి

సియోల్‌కు ఉత్తరాన ఉయ్‌జంగ్‌బు పట్టణంలో ఒక సమాధి వుంది. స్థానికులు దాన్ని చొక్తూరి సమాధి అంటారు. చొక్తూరి అంటే పెళ్ళికూతురు తలమీద పెట్టే చిన్న కిరీటం. మంచూ ప్రభువుకు భార్యగా పంపుతుంటే రాకుమారి ఉయ్‌సున్ దారిలో నీళ్ళలో దూకిందనీ, దొరికిన కిరీటాన్నే ఇక్కడ పూడ్చారనీ కథ. మొదట విన్నప్పుడు ఇది ప్రతిఘటన గాథ అని నేనూ మెచ్చుకున్నాను. చరిత్ర చూశాక నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. ఆమె దూకలేదు. వెళ్ళింది, బతికింది, తిరిగి వచ్చింది.

1636 చలికాలంలో మంచూ సైన్యం కొరియా మీద పడింది. 1637లో రాజు ఇంజో శత్రువు ముందు నేలకు తల ఆనించి లొంగిపోయాడు. వేలాది స్త్రీపురుషులు బందీలై తరలిపోయారు. 1650లో, చైనాను ఏలుతున్న బాల చక్రవర్తి సంరక్షకుడు డోర్గాన్ కొరియా రాజవంశం నుంచి ఒక కన్యను కోరాడు. అప్పటి రాజు హ్యోజాంగ్ తన సొంత కూతుర్ని పంపలేదు. రాజబంధువు యి గేయున్ కూతుర్ని దత్తత తీసుకుని, రాకుమారి బిరుదు తగిలించి పంపాడు. పెట్టిన పేరు ఉయ్‌సున్. ఆ రెండు అక్షరాలకు ధర్మం, విధేయత అని అర్థం. 1635లో పుట్టిన పిల్ల ఆమె.

ఆ యేడు ముగియకముందే డోర్గాన్ చనిపోయాడు. 1651లో అతన్ని ద్రోహిగా ప్రకటించారు. ఆస్తి చేతులు మారినట్టే ఆమె కూడా డోర్గాన్ అన్నకొడుకు బోలో చేతికి మారింది. 1652లో అతనూ పోయాడు. 1656లో దూతగా బీజింగ్ వెళ్ళిన తండ్రి, చక్రవర్తికి మొరపెట్టుకుని కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

స్వదేశంలో ఏం జరిగింది? ఆస్థాన అనుమతి లేకుండా కూతుర్ని అడిగి తెచ్చాడని అధికారులు తండ్రి మీద నేరం మోపారు. అతని పదవి పోయింది. 1662లో ఆమె మరణించింది. ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు.

తప్పంతా పరాయి దురాక్రమణదే అనేవారున్నారు. అది సగం నిజం. మిగతా సగం 1638 నాటి చర్చలో కనబడుతుంది. చెరనుంచి తిరిగివచ్చిన భార్యను తన కొడుకు వదిలేయడానికి అనుమతించమని చాంగ్ యూ అనే ప్రభువు రాజుకు అర్జీ పెట్టాడు. మంత్రి చొయ్ మ్యాంగ్‌గిల్ ఒప్పుకోరాదని వాదించాడు. రాజు విడాకులు నిరాకరించాడు. అయినా పెద్దింటివాళ్ళు వేరే పెళ్ళిళ్ళు చేసుకుంటూనే పోయారు. స్త్రీలను కాపాడలేక ఓడిపోయిన పాలకవర్గం తన అవమానాన్ని ఆ స్త్రీల శీలం మీదికి నెట్టింది.

ఆ కిరీటపు కథలో జనం కన్నీరు వుంది, మంచూల మీద కోపమూ వుంది. కాని అందులో ఆస్థానానికి అనుకూలమైన ముగింపు కూడా వుంది. చచ్చిన రాకుమారిని కీర్తించడానికి ఎవరికీ ఖర్చులేదు. బతికి వచ్చిన మనిషికి మాత్రం ఇంట్లో చోటివ్వాలి, పంపినవాళ్ళు ఆమెకు జవాబు చెప్పాలి. ఆ జవాబు హ్యోజాంగ్ ఆస్థానం ఇవ్వలేదు. అందుకే పాఠం చెప్పేటప్పుడు నేనిప్పుడు కిరీటంతో ఆపను. 1656లో తండ్రి వెంట ఇంటికి నడిచి వచ్చిన ఆ యువతితో మొదలుపెడతాను.